మిల్ రోడ్డు పద్నాలుగో నంబరు ఇంట్లో నలభై ముగ్గురు

బౌరోకి తాగుడు లేదు, పేకాట లేదు, చర్చిలో పక్కవాడికన్నా గట్టిగా పాడే అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. పసిఫిక్ సముద్రంలోని కిరిబాసు ద్వీపాల నుంచి కొత్తగా వచ్చిన మనిషి కంటబడితే చాలు, వాళ్లని తీసుకెళ్లి తన ఇంటి చిరునామాలో కాపురం పెట్టించేస్తాడు. నిజంగా కాదు, కాగితం మీద.

ఒకప్పుడు, న్యూజిలాండ్‌లో ఆయనుండే ఊరి క్లినిక్ రికార్డుల ప్రకారం, మిల్ రోడ్డు పద్నాలుగో నంబరు ఇంట్లో ఆయన కాక నలభై ముగ్గురు ఉండేవారు. ఆ ఇంటికి గదులు రెండు. స్నానాలగది ఒకటి. వాన వస్తే ఆ రెండు గదుల్లో ఒకటి కూడా స్నానాలగదే.

ఆయన పోయి ఈ ఆగస్టుకి మూడేళ్లు. కినాయ్ ఇప్పటికీ ఎవరికైనా ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఈ లెక్కే చెబుతుంది. వినేవాళ్లు నవ్వుతారు. వాళ్లని కడుపునిండా నవ్వనిచ్చి, ఆ తర్వాతే మిగతాది చెబుతుంది.

కినాయ్ ఆయన్ని మొదటిసారి చూసింది ఆ క్లినిక్‌లోనే. వలస వీసాలకి ఏటా తీసే లాటరీలో పేరు వచ్చి, మొగుడు టెకోవాతో కలిసి న్యూజిలాండ్‌లో దిగి అప్పటికి పదకొండు రోజులు. ఆక్లాండ్‌కి ఉత్తరాన, గాజు ఇళ్లలో టమాటాలు పండించే చిన్న ఊరు అది. పిన్ని కొడుకు పనిచేసే తోట వెనక, చక్రాలు ఊడిపోయిన కారవాన్‌లో మకాం. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం టెకోవా గుండె కవాటాన్ని పాడుచేసి వదిలింది. ముప్పై ఆరేళ్ల మనిషి, నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడతాడు. ఇక్కడి క్లినిక్‌లో పేరు రాయించుకుంటే డాక్టరు పెద్దాస్పత్రికి రాస్తాడని, పెద్దాస్పత్రివాళ్లు ఉత్తరం రాసి పిలుస్తారని, పిలిస్తే కవాటం మారుస్తారని ఎవరో చెప్పారు. కినాయ్ ఆ ఒక్క ఉత్తరం కోసమే సముద్రం దాటి వచ్చింది.

కౌంటరు వెనక గ్లెనిస్ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లజోడుకి గొలుసు వేలాడుతోంది.

"ఎక్కడుంటారమ్మా?" అని అడిగింది ఫారం నింపుతూ.

కినాయ్ నిటారుగా నిలబడింది. ఊరి పెద్దల ముందు చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది. "దక్షిణం వైపండీ. సముద్రానికి వీపుపెట్టి కూర్చుంటే మూడో స్తంభం కింద."

గ్లెనిస్ కలం ఆగిపోయింది. "అది ఏ వీధి?"

"వీధి కాదండీ. మా తాత చోటు."

వాళ్ల ద్వీపాల్లో ప్రతి ఊరికీ ఒక మనేబా ఉంటుంది. ఊరంతా కూర్చునే పెద్ద సభాశాల. అందులో ఏ ఇంటివాళ్ల చోటు ఏ స్తంభం కిందో తాతల నాడే తేలిపోయింది. ఎక్కడుంటావని అడిగితే ఆ చోటే చెబుతారు. ఎక్కడ పడుకుంటావన్నది పెద్దమనుషులెవరూ అడగరు.

"వీధి పేరు లేకపోతే ఉత్తరం ఎలా వస్తుందమ్మా?" అంది గ్లెనిస్, కోపంగా కాదు.

"పద్నాలుగు, మిల్ రోడ్డు," అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే ఒక ముసలాయన. పొట్టి మనిషి, తాళ్లు లాగి లాగి కాయలు కాసిన చేతులు, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల. జర్మనీ ఓడల్లో ముప్పై ఏళ్లు పనిచేసి, డెక్కు మీద మనుషుల్ని పరిగెత్తించే బోసన్‌గా దిగిపోయినవాడు. ఓడ దిగాడు కానీ ఈల వదల్లేదు.

గ్లెనిస్ కళ్లజోడు తీసేసింది. "మళ్లీ మీరా బౌరో?"

"మావాళ్లే గ్లెనిసమ్మా."

"ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"కూతురు వరస."

"పోయిన వారం తెచ్చిన పెద్దాయన?"

"కొడుకు వరస."

"ఆయన మీకన్నా పదేళ్లు పెద్ద!"

"వరసకి వయసుతో పనేముందమ్మా? రాసుకోండి."

గ్లెనిస్ రాసుకుంది.

బయటికొచ్చాక కినాయ్ ఆగలేకపోయింది. "పెదనాన్నా, మేం మీ ఇంట్లో ఉండట్లేదు కదా?"

"ఉండమని ఎవరన్నారు? ఉన్నవి రెండే గదులు. ఇరుకు."

"మరి అబద్ధం కదా?"

"మీరుండరు. మీ ఉత్తరం ఉంటుంది. దానికెంత చోటు కావాలి?" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

చిరునామా ఇచ్చినవాడు ఫోన్ నంబరు ఇవ్వకుండా ఉంటాడా? నలభై ముగ్గురి ఫారాల మీదా ఉన్నది ఆయన నంబరే. రోజుకి నాలుగైదు సార్లు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చేది.

"బౌరో, రొరేటా ఉందా?"

"ఉందమ్మా. స్నానం చేస్తోంది."

"సరే. ఇయోటెబా?"

"స్నానం చేస్తున్నాడు."

"ఇద్దరూ ఒకేసారా?"

"ఓడ పద్ధతమ్మా. నీళ్లు ఆదా."

ఫోన్ పెట్టిన మరుక్షణం బూట్లు తొడుక్కునేవాడు. తోటలో ఎక్కడో తీగల మధ్య ఉన్న రొరేటాని పట్టుకుని, తన ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "స్నానం అయిపోయిందని చెప్పు" అనేవాడు. ఆ మనిషి చెమటలు కక్కుతూ, "ఇప్పుడే అయ్యిందండీ" అని మొదలుపెట్టేది. ఇంత శుభ్రమైన జాతిని నా సర్వీసులో చూడలేదని గ్లెనిస్ ఆఫీసులో అనేదట.

ఇక ఉత్తరాలు. పోస్టు రాగానే కాషాయరంగు టార్పాలిన్ సంచీలో సర్దుకుని బయల్దేరేవాడు. ఎవరి ఉత్తరమూ తను విప్పేవాడు కాదు. కానీ ఇచ్చేసి పోయేవాడూ కాదు. ఎదురుగా నిలబడి విప్పించేవాడు. ఇంగ్లీషు రాకపోతే తనే చదివేవాడు. ఓడలో ఆజ్ఞ ఇస్తే, విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. చెప్పకపోతే విననట్టే. ఆ రూలు ఇక్కడా అమలు.

"గురువారం!"

"గురువారం."

"తొమ్మిదింపావు!"

"తొమ్మిదింపావు."

"పరగడుపున!"

"టీ కూడా వద్దా పెదనాన్నా?"

"ఉత్తరంలో టీ లేదు! పరగడుపున!"

"పరగడుపున."

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి ముందు అందరూ నిలబడి ఉండగా, కొత్తగా పెళ్లికుదిరిన ఇయోటెబాకి ఉత్తరం వచ్చింది. పేగు పరీక్షకి ముందురోజు కడుపు ఎలా ఖాళీ చేసుకోవాలో అందులో పదకొండు మెట్లుగా రాసి ఉంది. బౌరో పదకొండూ చదివాడు. ఇయోటెబా పదకొండూ తిరిగి చెప్పాడు. కాబోయే అత్తగారు తొమ్మిదో మెట్టు దగ్గర గొడుగు విప్పుకుని మొహం దాచుకుంది. ఎండా లేదు, వానా లేదు.

"ఇంటికెళ్లి చెప్పొచ్చుగా పెదనాన్నా?" అని కినాయ్ కోప్పడింది.

"అందరి ముందు చెబితే మర్చిపోడు. అందరూ గుర్తుచేస్తారు."

నిజమే. ఆ వారమంతా ఊళ్లో కనిపించిన ప్రతివాడూ ఇయోటెబాని ఎన్నో మెట్టు మీద ఉన్నావని అడిగాడు.

అలా ఏడాది గడిచింది. డాక్టరు రాయాల్సింది రాశాడు. పెద్దాస్పత్రివాళ్లు టెకోవాని ఒకసారి చూశారు. వరసలో పెట్టామని, తేదీ ఉత్తరంలో తెలియజేస్తామని చెప్పారు. కినాయ్ రోజూ పని నుంచి వస్తూ మిల్ రోడ్డు మీదుగా వచ్చేది. బౌరో గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపేవాడు. ఒక్క రోజూ మాటతో "లేదు" అనలేదు.

ఆ చలికాలంలో క్లినిక్‌లో కంప్యూటర్లు మార్చారు. పాత కంప్యూటరు మర్యాదస్తురాలు, చూసీ చూడనట్టు ఊరుకునేది. కొత్తది ఊరుకోలేదు. ఒకే ఇంట్లో నలభై నలుగురున్నారని ఎర్ర అక్షరాల్లో చూపించింది. అంతే, నలభై ముగ్గురికీ ఉత్తరాలు వెళ్లాయి. నిజంగా ఎక్కడుంటున్నదీ ఈ నెలాఖరులోగా రుజువు చూపించాలి, లేకపోతే పేరు తొలగించబడును.

నలభై మూడు ఉత్తరాలూ ఒకే రోజు, ఒకే పెట్టెలో పడ్డాయి. పెట్టె మూత విరిగింది.

కినాయ్ వెళ్లేసరికి బౌరో వాటిని బల్లమీద వరసలుగా పేర్చి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"పేరు తీసేస్తే ఈయన ఆపరేషన్ ఏమవుతుంది?" అంది కినాయ్. "వరసలోంచి కూడా తీసేస్తారా పెదనాన్నా?"

అలా తీసెయ్యరని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. బౌరోకీ తెలియదు. తెలియదు అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు కాబట్టి, ఫోన్ తీసి గ్లెనిస్‌కి చేశాడు.

"గ్లెనిసమ్మా, అందరూ ఇక్కడే ఉంటున్నారు. వచ్చి చూసుకోండి."

"బౌరో, దయచేసి…"

"శనివారం రండి. భోజనానికి."

గ్లెనిస్ కూడా మొండిదే. వస్తానంది.

శుక్రవారం పొద్దుటినుంచి సైకిలు ఆగలేదు. తోటలకీ, పెట్టెలు సర్దే షెడ్లకీ వెళ్లాడు. ఎక్కడికెళ్లినా ఒకే మాట. "బుబుసి."

ఆ మాట అంటే వాళ్లలో ఎంతటివాడూ తల వంచాల్సిందే. నీదగ్గరున్నది నాకు కావాలి, అడుగుతున్నాను, అని అర్థం. అడిగినవాడికి లేదని చెబితే అంతకన్నా సిగ్గుచేటు లేదు. పడవ అడిగితే పడవ ఇస్తారు, పంది అడిగితే పంది ఇస్తారు. బౌరో అడిగింది శనివారం. చాపతో సహా.

శనివారం పదకొండింటికి మొగలి ఆకుల చాపలు చుట్టి చంకన పెట్టుకుని జనం దిగారు. ముందుగదిలో పదిహేడు మంది. వెనకగదిలో పద్నాలుగు. వంటింట్లో ముసలమ్మలు. ఓడలో బెర్తులు పంచినట్టు బౌరో ఈల ఊదుతూ చోట్లు చూపించాడు. కబురెంగా అనే ఒకతను ఎప్పుడో బ్రిస్బేన్ వెళ్లిపోయాడు. లెక్క తగ్గకూడదని పక్కింటి సమోవా ఆయన్ని పిలిచి ఆ చాపమీద పడుకోబెట్టాడు. ఆయన కాళ్లు గుమ్మం బయటికి వచ్చాయి.

"నీ పేరు కబురెంగా. గుర్తుందా?"

"నేనసలు ఎందుకు పడుకున్నాను బౌరో?"

"ఇక్కడే ఉంటున్నావు కాబట్టి. కళ్లు మూసుకో."

గ్లెనిస్ వచ్చింది. గుమ్మంలో కాళ్లు దాటింది. గదులు చూసింది. కొందరు గురక పెట్టారు, మరీ ఎక్కువగా.

"స్నానాలగది ఎక్కడ?" అంది.

బౌరో మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు తలుపు తీశాడు. లోపల భుజాన తువ్వాళ్లతో, వరసగా, ఆరుగురు నిలబడి ఉన్నారు. రొరేటా, ఇయోటెబా కూడా ఉన్నారు. "ఇప్పుడే అయ్యిందండీ," అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో.

గ్లెనిస్ తలుపు దగ్గరే నేలమీద కూలబడిపోయింది. మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందనుకుని ముసలమ్మలు నీళ్లు తెచ్చారు. చాలాసేపటికి తల ఎత్తింది. నవ్వీ నవ్వీ మొహం కందిపోయింది.

తర్వాత భోజనాలు. కొబ్బరిపాలలో నానబెట్టిన పచ్చిచేప, అన్నం, ఎవరెవరి ఇళ్లనుంచో తెచ్చినవన్నీ. గ్లెనిస్‌ని బౌరో తన పక్కనే, పెద్దల వరసలో కూర్చోబెట్టాడు. తినడం అయ్యాక ఇద్దరూ వెనకమెట్ల మీదికి వెళ్లారు. కినాయ్ అక్కడే కుళాయి దగ్గర పళ్లేలు కడుగుతోంది.

"ఇప్పుడు చెప్పండి," అంది గ్లెనిస్. "ఎందుకిదంతా?"

బౌరో ఈల గొలుసుని వేలికి చుట్టి విప్పాడు.

"మా ఆవిడ టెరుబేయా. నాకన్నా ముందొచ్చింది ఇక్కడికి. నేను ఓడమీదున్నా. తనకి ఇల్లు దొరక్క ఎనిమిది నెలల్లో మూడు చోట్లు మారింది, ఒకళ్ల వరండా, ఒకళ్ల గరాజు. రొమ్ములో గడ్డని డాక్టరుకి చూపించుకుంది. పెద్దాస్పత్రివాళ్లు మంచోళ్లమ్మా, ఉత్తరం రాశారు. మళ్లీ రాశారు. మూడోది కూడా రాశారు. అన్నీ రెండో ఇంటికెళ్లాయి. ఆ ఇంటివాళ్లూ మంచోళ్లే. వస్తే ఇద్దామని ఫ్రిజ్‌మీద జాగ్రత్తగా పెట్టారు."

"తర్వాత?"

"పిలిచినా రాని మనిషిని ఎన్నిసార్లు పిలుస్తారు? ఊరుకున్నారు. తనేమో వాళ్లు పిలవలేదు కదా, అంటే పెద్ద జబ్బేం కాదన్నమాట, అనుకుంది. ఫోన్లో నాతో కూడా అదే చెప్పింది. సంతోషంగా చెప్పింది." ఆగాడు. "నేను ఓడ దిగేసరికి ఉత్తరాలున్నాయి."

కినాయ్ కుళాయి కట్టేసింది. చేతిలో పళ్లెం అలాగే ఉంది.

"తప్పెవరిదీ లేదు," అన్నాడు బౌరో. "ఇళ్లు కదిలాయి, అంతే. అందుకని కదలని ఇల్లు ఒకటుంటే బాగుండుననిపించింది."

పంతొమ్మిదేళ్లుగా ఆ ఇల్లే. కప్పు కారుతోందని, ఇంటాయన అదే వీధిలో మంచి ఇల్లు ఇస్తానన్నా కదలని మనిషి. సొంత తమ్ముడు పోతే ద్వీపానికి వెళ్లని మనిషి. మూడు వారాలు పోస్టు ఎవరు తీస్తారన్నాడట అప్పుడు. రాతిగుండె అని చర్చిలో చెప్పుకున్నారు. కినాయ్ కూడా ఒకసారి ఆ మాట అంది.

గ్లెనిస్ సంచీలోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి ఆయన మోకాలిమీద పెట్టింది. "బౌరో, చిరునామా కింద ఇంకో గడి ఉంది. ఎప్పుడైనా చదివారా?"

"నలభై మూడుసార్లు చదివాను."

"ఏముంది అందులో?"

"ఉత్తరాలు వేరే చోటికి పంపాలా, అని."

"మరి అక్కడ మీ చిరునామా రాసి, పైన వాళ్లది వాళ్లకి రాసుంటే సరిపోయేది కదా!"

"వేరే చోటికి కాదు కదమ్మా," అన్నాడు బౌరో, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపికగా. "మా ఇంటికే కదా."

ఆ సాయంత్రం చాపలమీద బోర్లా పడుకుని నలభై రెండు ఫారాలు మళ్లీ నింపారు. కారవాన్లు, షెడ్లు, అన్నగారి గరాజులు, అన్నీ ఉన్నదున్నట్టు. ఉత్తరాల గడిలో మాత్రం అందరిదీ ఒకటే ఇల్లు. ఆ హడావిడిలో సమోవా ఆయనా ఒక ఫారం నింపేశాడు. ఆరేళ్లుగా డాక్టరు మొహం చూడని ఆ మనిషికి రక్తపోటు ఎంతుందో వారం తిరక్కుండా బయటపడింది. బౌరో మంచివాడే కానీ ఆయనింటికి భోజనానికి మాత్రం వెళ్లకండని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు.

పేర్లు నిలబడ్డాయి. రెండు నెలలకి టెకోవా ఉత్తరం వచ్చింది.

బౌరో సైకిలు తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ వచ్చాడు. కంచె దగ్గర ఆగి, కడుపు పట్టుకుని, మళ్లీ నడిచాడు. కినాయ్ చూసింది. చూసింది కానీ ఆమె కళ్లు సంచీమీదే ఉన్నాయి.

"మంగళవారం!" అన్నాడు.

టెకోవా కారవాన్ తలుపు పట్టుకుని లేస్తున్నాడు. కినాయ్ చెప్పింది. "మంగళవారం."

"ఏడింటికి!"

"ఏడింటికి," అంది, ఏడుస్తూ.

ఆపరేషన్ రోజున బౌరో కూడా ఆక్లాండ్ వచ్చాడు. ఆస్పత్రి నాలుగో అంతస్తులో, కినాయ్ పక్కన బల్లమీద, పొద్దుటినుంచి సాయంత్రందాకా కదలకుండా కూర్చున్నాడు. టెకోవా బతికాడు. పదకొండో రోజున ఇంటికొచ్చి, మెట్లెక్కి, గోడ పట్టుకోకుండా నిలబడి, తనే ఆశ్చర్యపోయాడు.

ఇంకో రెండు వారాలకి గ్లెనిస్ కినాయ్‌కి ఫోన్ చేసింది. "నీతో చెప్పొచ్చనుకుంటాను. బౌరో కాగితాల్లో దగ్గరి మనిషి అన్నచోట నీ పేరే ఉంది."

కినాయ్‌కి ఆ సంగతి తెలియదు.

"ఆయన కడుపు చూడటానికి పెద్దాస్పత్రివాళ్లు రెండు తేదీలిచ్చారు. రెంటికీ వెళ్లలేదు. మూడోది ఈ గురువారం. నేను ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, బౌరో స్నానం చేస్తున్నాడంటున్నారు."

"ఎవరండీ ఎత్తేది?"

"బౌరోయే."

మొదటి తేదీ ఎప్పుడని కినాయ్ అడిగింది. ఆ మంగళవారమే. ఆ భవనంలోనే. ఆయన బల్లమీద కూర్చున్నచోటికి రెండంతస్తుల కింద.

కినాయ్ పనిబట్టలతోనే మిల్ రోడ్డుకి వెళ్లింది. బౌరో వాకిట్లో సైకిలు గొలుసుకి నూనె రాస్తున్నాడు. ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"పెదనాన్నా, బుబుసి."

"అడుగు. సైకిలా?"

"మీ గురువారం."

"ఏ గురువారం?"

"ఉత్తరంలో ఉన్నది. అది నాకిచ్చెయ్యండి. ఎలా వాడుకోవాలో నేను చెబుతా."

బౌరోకి కోపమొచ్చింది. "అన్యాయం! రోజులు అడగకూడదు. వస్తువులు అడగాలి."

"నలభై ముగ్గురి శనివారం తీసుకున్నప్పుడు తెలియలేదా? చాపతో సహా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"నేను ఆస్పత్రిలో పడితే పోస్టు ఎవరు తీస్తారే?" అని అరిచాడు. అరిచి, అదే పొరపాటైనట్టు గొలుసు వైపు చూశాడు. "ఇయోటెబా పెళ్లానికి ఉత్తరం ఏ రోజైనా రావచ్చు. ఎనిమిదో నెల."

కినాయ్ అలాగే నిలబడింది. బుబుసి అడిగినవాళ్లు అలాగే నిలబడతారు. జవాబు ఇవ్వాల్సింది అవతలివాళ్లు.

"సైకిలు అడిగితే పోయేది," అన్నాడు చివరికి.

గురువారం వెళ్లారు. చెయ్యాల్సింది ఆలస్యమైపోయిందని డాక్టర్లు చెప్పారు. కొంత చెయ్యగలం, ఆ కొంత చేస్తాం అన్నారు. ఆ కొంతే పద్నాలుగు నెలలైంది. మొదటి మంగళవారమే వెళ్లి ఉంటే ఎన్ని అయ్యేవని కినాయ్ ఎవరినీ అడగలేదు. ఇప్పటికీ అడగదు.

కానీ ఆ గురువారం ఇంకో సంగతి జరిగింది. చిన్న వయసు నర్సు ఒకమ్మాయి ఫారం పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. అన్నీ అడిగింది. చివరికి, "ఇంట్లో మీతో ఎవరెవరుంటారండీ?" అంది.

బౌరో అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబుకి కొదవలేదు. కానీ అడుగుతున్నది ఇంకెవరి గురించో కాదని అప్పుడు తట్టినట్టుంది. నోరు మూశాడు. కిటికీవైపు చూశాడు.

"ఎవరూ ఉండరమ్మా," అన్నాడు.

నర్సు రాయబోయింది.

"ఆగండి," అంది కినాయ్. "ఇద్దరం ఉంటాం. నేనూ, మా ఆయనా. రాసుకోండి."

బౌరో ఆమె వైపు వంగి తమ భాషలో గుసగుసగా అన్నాడు. "అబద్ధం ఎందుకే?"

"సాయంత్రందాకానే అబద్ధం," అంది కినాయ్. "తర్వాత నిజం."

సాయంత్రం టెకోవా పరుపు మోసుకొచ్చాడు, ఆగకుండా, ఒక్కడే. మిల్ రోడ్డు పద్నాలుగో నంబరు ఇంట్లోకి ఒక మనిషి నిజంగా సామానుతో దిగడం అదే మొదటిసారి. కినాయ్ టీ పెడదామని వంటింట్లోకెళ్లి అలమార తెరిచింది. ఒక పళ్లెం. ఒక చెంచా. ఒక కప్పు. వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన ఇంట్లో లేడు. సైకిలూ లేదు.

ఆస్పత్రినుంచి వచ్చి రెండు గంటలు కాలేదు. ఇద్దరూ కంగారుపడి వీధిలోకి పరిగెత్తారు. మలుపు దగ్గర వస్తూ కనిపించాడు, సైకిలు నడిపించుకుంటూ, సంచీ గలగలలాడుతుంటే. కినాయ్ తిట్టడం మొదలుపెట్టింది. తిట్టినంతసేపూ ఆయన కప్పులు ఒక్కొక్కటీ తీసి గట్టుమీద పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"మేం ఇద్దరమే కదా పెదనాన్నా," అన్నాడు టెకోవా. "నాలుగెందుకు?"

బౌరో అతన్ని జాలిగా చూశాడు.

"ఆదివారం మన ద్వీపాల నుంచి విమానం ఉంది కదరా."